ఎడకోటలో పద్నాలుగు సూర్యోదయాలు

నలభైమూడు రోజుల ప్రయాణం తరువాత, నలభైనాలుగో నాటి ఉదయాన, మకరద్వీపం కంటబడింది.

ఎంత అందమైన ద్వీపం అది! నీలిపట్టు మీద ఎవరో పచ్చల పతకం మరిచిపోయి వెళ్లినట్టుంది. తీరం పొడవునా పోకతోటలు, వాటి వెనక మెట్లుమెట్లుగా లేచిన కొండ, కొండ కొమ్మున పాలరాతి ప్రాసాదం. శిఖరాల మీద నిలిపిన రాగి మకరాలు లేత ఎండలో నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. కొండ మీది నుంచి దిగివచ్చే గాలి ఏదో చల్లని తీపి వాసన మోసుకొచ్చింది.

"కాచనా, అదేనంటావా?" అన్నాడు గుండన ముక్కుపుటాలు ఎగరేస్తూ.

"అదే. వెన్నెలతీగ, మనం వెతుక్కుంటూ వచ్చిన మందుతీగ" అన్నాడు కాచన.

కాచన హేలాపురి రాజ్యపు వార్తాహరుడు. జీనులు కుట్టేవాడి కొడుకు. ఇరవయ్యారేళ్లవాడు. తలకు పన్నెండు మూరల ఎర్రని తలపాగా చుట్టాడు. ఆ తలపాగా హేలాపురిలో వార్తాహరులు తప్ప మరెవరూ చుట్టరాదు. మూడువందల ఏళ్లుగా ఆ తలపాగా చుట్టినవాడు చేరవలసిన చోటికి చేరకుండా ఉన్నది లేదు. గుండన అతడి చిన్ననాటి నేస్తం, రాజుగారి అశ్వశాలలో మేత చూసేవాడు. మనిషి భారీ, ఆకలి అంతకన్నా భారీ.

ఆ ఏడు లోకాన్ని నీలిజ్వరం పట్టుకుంది. ముందు గోళ్లు నీలంగా మారతాయి. తరువాత ఒళ్లు పెనంలా కాలుతుంది. ఏడో రోజు దాటినవాడు అదృష్టవంతుడు. దేశదేశాల్లో ద్వారాలు మూతపడ్డాయి. హేలాపురి రాజు మంచం పట్టిన యువరాజు పక్కన కూర్చుని, తెర వెనకనుంచి కాచనను పిలిచి, "నాయనా, సైన్యాన్ని పంపితే యుద్ధమనుకుంటారు. మకరద్వీపపు రాణి తరళాదేవి దగ్గర దీనికి మందుంది. నీ కాళ్లను నమ్ముకున్నాను" అని తన ముద్దుటుంగరం ఇచ్చాడు.

ఆ కాళ్లు ఎక్కడెక్కడ తిరిగాయో! కాంచనదేశపు కనుమలో భటులు మాటా పలుకూ లేకుండా బాణాలు కురిపిస్తే, ఇద్దరూ కొండగొర్రెల దారిన పాకి అవతల పడ్డారు. నాగవాహినీ నది దగ్గర పడవవాళ్లు వెదురుగడలతో తెప్పను తోసేస్తే ఈదారు. పరదేశిని చూస్తే కొరత వేసి చంపే చండగిరి రాజ్యాన్ని గంగిరెద్దు తోలు కప్పుకుని దాటారు. ముందుకాళ్లు కాచన, వెనకకాళ్లు గుండన. ఒక ఊళ్లో పిల్లలు అరటిపళ్లు పెడితే అన్నీ ముందుకాళ్లవాడే తినేశాడని గుండన ఇప్పటికీ కినుకగానే ఉన్నాడు. చివరకు ఏ నావికుడూ తమను ఎక్కించుకోనంటే, పాత చేపలపడవ ఒకటి సంపాదించి, తెరచాప తామే కట్టుకుని నాలుగు రోజులు సముద్రం మీద వచ్చారు.

పడవ రేవు ముఖద్వారాన్ని సమీపించిందో లేదో, ధన్ ధన్‌మని భేరీ మోగింది. నీళ్లలోంచి ఏనుగుతొండమంత లావున్న ఇనుపగొలుసు పైకి లేచి దారి మూసేసింది. రేవు ముందు నల్లని బండ మీద గుండ్రని కోట ఒకటి ఉంది. దాని ద్వారం మీద, ముక్కూ నోరూ పసుపుగుడ్డతో కట్టుకున్న ఒక స్త్రీ నిలబడింది. వయసు యాభై దాటి ఉంటుంది. నడుముకు కత్తి, చేతిలో శంఖం.

"ఎవరు మీరు? ఎక్కడినుంచి?" ఆమె గొంతు కెరటాల హోరును మించి మోగింది.

"హేలాపురి వార్తాహరుణ్ణి తల్లీ! రాజుగారి ఉంగరం ఉంది. రాణిగారిని తక్షణం చూడాలి."

"నన్ను కుందమ అంటారు. ఇది ఎడకోట. దీనికి నేను కాపుదారును. బయటి నుంచి వచ్చినవాళ్లెవరైనా ఇక్కడ పద్నాలుగు సూర్యోదయాలు చూశాకే ద్వీపం మీద కాలు పెడతారు. దిగండి."

కాచన ముఖం జేవురించింది. ఉంగరం పైకెత్తి చూపించాడు. "అమ్మా, ఇది రాజముద్రిక!"

"రాజముద్రిక చూస్తే జ్వరం దణ్ణం పెట్టి వెళ్లిపోతుందా నాయనా? పోయిన నెల మా రాణిగారి సొంత మేనమామ వచ్చాడు. ఆయనా ఆ మూల గదిలో పద్నాలుగు రోజులు గంజి తాగాకే మేనకోడల్ని చూశాడు."

"అక్కడ మా ఊరు ఊరంతా మంచం పట్టింది! నా మాటైనా ఇప్పుడే లోపలికి చేర్చి మందు పంపించండి. నేను ఎన్నాళ్లయినా ఇక్కడే పడి ఉంటాను."

కుందమ కళ్లు కొంచెం మెత్తబడ్డాయి. "మాట చేరుస్తాను. మందు మాత్రం రాదు. ఇంతకుముందు ఇలాంటి ఉంగరాలతోనే ముగ్గురు దొంగ రాయబారులు వచ్చారు. ధూమకంఠుడనే మాంత్రికుడు పంపినవాళ్లు. మందంతా పట్టుకుపోయి సముద్రంలో పారబోశారు. జ్వరంతో ఖాళీ అయిన కోటల్ని ఆ నీచుడు యుద్ధం లేకుండా ఆక్రమించుకుంటున్నాడు. అప్పటినుంచీ రాణిగారు ఎదుటపడి, కళ్లలోకి చూసి గాని ఎవరికీ మందివ్వరు. మందు కాచే చేతులు ఈ భూమ్మీద మా ద్వీపంలోనే ఉన్నాయి. ఆ చేతులే పడిపోతే నీ ఊరికి ఎవరు కాస్తారు?"

కాచన వంచని తలను వంచి పడవ దిగాడు.

కోటగోడల మీద, లోపలి అంచు వెంబడి, తెల్లని గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. కుందమ దాన్ని కర్రతో చూపించింది. "ఇది తరళాదేవి ముత్తవ్వ మూలికల బూడిదతో గీసిన గీత. ఏ మంత్రమూ దీన్ని దాటలేదు. కాని దీని బలం బూడిదలో లేదు. లోపలికి వచ్చిన ప్రతివాడూ గడువు తీరేదాకా దాటనని ప్రమాణం చేస్తాడు. ఒక్కడు మాట తప్పి తన కాలితో దాటినా గీత చచ్చిపోతుంది. చేయి ముంచు."

కాచన పసుపునీళ్లలో చేయి ముంచాడు. "హేలాపురి మీద ఆన. దాటను."

"కడుపు నిండా పెడితే నేనూ దాటను" అన్నాడు గుండన.

ఎడకోట బతుకు మొదలైంది. నడుమ గుండ్రని ముంగిలి, చుట్టూ గదులు. ఒకరికొకరు ఆరు మూరల దూరం తగ్గరాదు. భోజనం గీత అవతలినుంచి పొడవాటి తెడ్డు మీద వస్తుంది. తెల్లవారగానే శంఖం ఊది కుందమ కేకేస్తుంది, "గోళ్లు చూపించండీ!" అందరూ చేతులు చాచాలి. గోళ్లు ఎర్రగా ఉన్నవాడికి ఆ తెడ్డు మీదనే ఒక గులకరాయి వస్తుంది. పద్నాలుగు రాళ్లయితే విడుదల.

లోపల మరో అయిదుగురున్నారు. పదకొండు నెలలుగా ఇల్లు చూడని కాంచనదేశపు జెట్టి ఒకడు, గోడ వంగినట్టు ఉండే మల్లయోధుడు. తోలుబొమ్మలాడించే ఆలుమగలు. పూసలమ్మే అవ్వ. కాచన పక్కగదిలో సోమిశెట్టి అనే ముత్యాల వర్తకుడు. శెట్టి మాట తేనెలో ముంచి తీసినట్టుంటుంది. పొద్దస్తమానం గీత వంక చూసి నిట్టూరుస్తూ, "మనలాంటి పెద్దమనుషుల్ని పశువుల్లా బంధించారు నాయనా" అంటూ ఉంటాడు.

"మీరు పెద్దమనుషులు. నేను గుర్రాలకు గడ్డి వేసేవాణ్ణి. పశువుల్లా బంధిస్తే పశువులకు పెట్టినంతైనా పెట్టాలిగా!" అనేవాడు గుండన.

కాచన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. రోజూ ముంగిట్లో నూరుసార్లు చుట్టూ నడిచేవాడు, కాళ్లు మొద్దుబారకుండా. ఇలా ఏడు రాళ్లు కూడాయి.

ఏడో నాటి మధ్యాహ్నం ముంగిట్లోంచి మంచు లేచింది. వేసవిలో మంచేమిటని అందరూ వింతపడుతుండగానే, పాలకడలి పొంగినట్టు అది కోటను కమ్మేసింది. బురుజు మీది కావలిభటులు మసకబారి మాయమయ్యారు. అప్పుడు టపటప రెక్కల చప్పుడుతో ఒక బూడిదరంగు పావురం కాచన గడపలో వాలింది. దాని కాలికి ఎర్రదారం, దారానికి తాటాకు చుట్ట, చుట్ట మీద హేలాపురి రాజముద్ర!

కాచన గబగబా విప్పాడు.

"కాచనా! రోజుకు నూరు ప్రాణాలు పోతున్నాయి. నువ్వు పరాయిచోట కూర్చుని రాళ్లు లెక్కపెడుతున్నావా? ఆజ్ఞాపిస్తున్నాను. ఈ క్షణమే బయటపడి మందు తీసుకురా."

ఉదయం రొట్టెలు కాల్చే వీధి, సాయంత్రం గుర్రాలు నీళ్లు తాగే తొట్లు, జీను కుడుతూ సూది నోట కరిచి నవ్వే తండ్రి కాచన కళ్లముందు తిరిగారు.

"ఇంకా ఏడు రోజులు" పక్కనుంచి మెల్లగా వినిపించింది సోమిశెట్టి గొంతు. "ఏడు నూర్లు ఏడువందల చితులు నాయనా. నీ మాట నిలుస్తుంది సరే, వాళ్లు నిలవరు. ఈ గోడ కింద నాకు తెలిసిన పడవవాడున్నాడు. మంచులో ఎవరికీ కనబడవు. కొండ మీద వెన్నెలతీగ తోట ఎక్కడుందో నేను చూపిస్తాను. ఒక్క అడుగు! నీ వెనకే నేనూ వస్తాను."

కాచన మెట్లెక్కి గోడ మీదికి వచ్చాడు. గీత అతడి పాదాల ముందు తెల్లగా మెరుస్తోంది. కుడికాలు పైకెత్తాడు.

పావురం వెనకనుంచి గుర్రుమంది.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. కాచన దాన్ని నెమ్మదిగా గీతకు ఇవతలే దించాడు. వెనక్కు తిరిగాడు.

"శెట్టిగారూ, ఈ పక్షి ఎక్కడినుంచి వచ్చింది?"

"ముద్ర చూశావు కదా! మీ రాజుగారు పంపినదే."

"హేలాపురి పావురాలగూడు నేను ఆరేళ్లు ఊడ్చాను" అన్నాడు కాచన. "పావురం తను పుట్టిన గూటికే ఎగురుతుంది. ఎంత దూరం తీసుకుపోయి వదిలినా ఇంటికే వస్తుంది. మనం చెప్పిన ఊరికి, తాను చూడని ద్వీపానికి, నేనున్న గది గడపకు అది జన్మలో రాదు. పావురాలు అలా పోగలిగితే మా రాజుగారికి నాతో పనేముంది? పావురం పోలేని చోటికి మనిషి పోతాడు. ఆ మనిషికే ఈ ఎర్ర తలపాగా చుడతారు. ఇప్పుడు చెప్పు, ఎవడివి నువ్వు?"

సోమిశెట్టి పెదవుల మీది చిరునవ్వు అలాగే ఉండిపోయింది. దాని చుట్టూ ముఖం మాత్రం మైనంలా కరగసాగింది. బొజ్జ లోపలికి పీక్కుపోయింది. ముత్యాలహారం తెగి రాలి, ఒక్కొక్క ముత్యం ఒక్కొక్క నల్లతేలై పాకింది. నిలువెత్తు నీలిపొగలోంచి, ఎండిన దుంగలాంటి ముసలివాడు తేలాడు. అతడి కంఠంలో గోరింటాకంత నీలమణి ఒకటి కొట్టుకుంటోంది.

"ధూమకంఠుడు!" అని కెవ్వుమంది పూసలవ్వ.

"ఓరి గుర్రపు జీనుల కులంవాడా!" అని మాంత్రికుడు పళ్లు నూరాడు. "నా ఒళ్లంతా మంత్రమే, ఈ గీత నన్ను బయటికి పోనివ్వదు. పది రోజులుగా ఈ దిక్కుమాలిన గంజి తాగుతూ, ఒక్కడు మాట తప్పకపోతాడా అని కాచుకున్నాను. నీకు ఊరి మీద జాలి లేదు. సరే, నేస్తం మీదైనా ఉందేమో చూద్దాం!"

మరుక్షణం అతడు గాలిదుమారంలా ముంగిట్లోకి దూకి, గది గుమ్మంలో గంజిగిన్నె నాకుతున్న గుండనను మెడపట్టి ఎత్తి, గోడ అవతలికి విసిరేశాడు!

"కాచనో!" అన్న కేక మంచులో దూసుకుపోయింది.

కాచన పరుగున వెళ్లి గీత దగ్గర మోకాళ్ల మీద పడ్డాడు. గీతకు అవతల రెండు మూరల అంచు, అంచు కింద రాతిమకరం నోరు తెరుచుకున్న తూము. దాని కోరలు పట్టుకుని గుండన వేలాడుతున్నాడు. కింద అలలు రాళ్లకు కొట్టుకుని నురగలు కక్కుతున్నాయి.

"దాటు!" అని వెనకనుంచి అట్టహాసం చేశాడు ధూమకంఠుడు. "రెండడుగులు వేసి చేయందించు. నేస్తం కోసం మాట తప్పినవాణ్ణి లోకం మెచ్చుకుంటుంది!"

"దాటకురా!" అని కిందనుంచి అరిచాడు గుండన. ఎప్పుడూ తిండి తప్ప మరోమాట ఎరుగని ఆ గొంతు గంటలా మోగింది. "వీడికి దారివ్వకు! ఊరికి మందు పట్టుకెళ్లు! మా అమ్మకు నేను... ఒరేయ్, జారుతోందిరా!"

కాచన ఆలోచించలేదు. తలపాగా లాగాడు. పన్నెండు మూరల ఎర్రగుడ్డ గాలిలో రెపరెపలాడింది. నేల మీద బోర్లా పడుకుని, కాళ్లు గీత లోపలే ఉంచి, నడుముదాకా అంచు మీదికి సాగి, ఒక కొస కిందికి విసిరాడు. గుండన దాన్ని మణికట్టుకు చుట్టుకున్నాడో లేదో, రాతికోర పుటుక్కున విరిగింది. ఆ బరువుకు కాచన జరజరా ముందుకు ఈడ్చుకుపోయాడు. ఛాతీ రాతికి గీరుకుని నెత్తురు చిమ్మింది. పాదాలు గీతకు బెత్తెడు దూరంలోకి వచ్చాయి.

జెట్టీ, తోలుబొమ్మలవాళ్లూ, అవ్వా ఆరు మూరల దూరంలో కొయ్యబారి నిలబడ్డారు. తాకరాదన్నది ఎడకోట నియమం. అందరూ మంచులోకి చూసి ఏకకంఠంగా అరిచారు. "కుందమమ్మా! ముట్టుకోమంటారా?"

మంచు అవతలినుంచి కుందమ గొంతు వచ్చింది. "ముట్టుకోండి! కాని ముట్టుకున్న ప్రతివాడికీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు! ఆలోచించుకోండి!"

ఆలోచించేందుకు ఎవరూ ఆగలేదు. జెట్టి ఒక్క దూకులో వచ్చి కాచన చీలమండలు పట్టుకున్నాడు. అతడి నడుమును బొమ్మలవాడు, బొమ్మలవాణ్ణి భార్య, ఆమె కొంగును అవ్వ పట్టుకున్నారు. "హయ్యా! హైలెస్సా!" అంటూ లాగారు. కాచన వెనక్కు వచ్చాడు, అతడి వెంట ఎర్రగుడ్డ, గుడ్డ చివర బావిలోంచి వచ్చిన గంగాళంలా గుండన. గీత లోపల పడ్డాక గుడ్డ నిలువునా చిరిగింది.

ధూమకంఠుడు పిచ్చెత్తినట్టు అరిచాడు. శరీరమంతా పొగై, వెయ్యి మూరల నీలిసర్పమై పైకి లేచి గీత మీద విరుచుకుపడ్డాడు. గీత అతడికి ఆకాశందాకా గోడైంది. బోర్లించిన కుండలో ఈగలా ఆ సర్పం చుట్టూ కొట్టుకుంది. తగిలిన చోటల్లా పిడుగులు రాలాయి. గదుల కప్పులు లేచిపోయాయి. తోకతో ఒక్కటి చరిస్తే జెట్టి అంతటివాడు పదిగజాల దూరం పొర్లాడు.

కాచన చూస్తున్నాడు. పొగంతా సుడులు తిరుగుతున్నా, దాని గొంతు దగ్గర ఒకే ఒక్క నీలిచుక్క మాత్రం నిలకడగా మెరుస్తోంది. చేతిలో మిగిలిన తలపాగా పీలికను రెండుగా మడిచాడు. వడిసెల తయారైంది. రాయి కావాలి. గదిలోకి దూకి, గడప పక్కన వరసగా పేర్చుకున్న ఏడు గులకరాళ్లూ ఎత్తుకొచ్చాడు. తాను గడిపిన ఏడు సూర్యోదయాలవి!

మొదటి రాయి పొగలోంచి దూరిపోయింది. రెండోది, మూడోది గోడకు తగిలి పగిలాయి. నాలుగోది కోరకు తగిలి కణకణమంది. అయిదోది విసిరేలోపే సర్పం అతణ్ణి చుట్టేసింది. ఊపిరి ఆగిపోతుంటే అలాగే విసిరాడు, తప్పింది. ఆరోది చేజారింది. సర్పం నోరు తెరిచి మీదికి వంగింది. గొంతు అతడి కళ్లకెదురుగా జానెడు దూరంలోకి వచ్చింది.

"ఇది హేలాపురి పంపిన వార్త!" అని కాచన ఏడోరాయిని వడిసెలతో కాదు, పిడికిట పట్టి, తన సత్తువంతా కూర్చి ఆ నీలమణి మీద గుద్దాడు.

మణి భళ్లున పగిలింది. పొగ విరిగిపోయింది. మంచు తెరలా తొలగింది. ముంగిట్లో ఎండిన ముసలివాడొకడు బోర్లాపడి దగ్గుతున్నాడు. గీత అవతలినుంచి కుందమ విసిరిన గొలుసులతో జెట్టి వాణ్ణి కట్టి నేలమాళిగలో పడేశాడు.

సాయంత్రం కుందమ తెడ్డు చాచి అందరి రాళ్లూ వెనక్కు తీసుకుంది. జెట్టి గదిలోంచి పదమూడు రాళ్లు వచ్చాయి. అది చూసి కాచన మనసు కలుక్కుమంది.

"వస్తాదుగారూ, రేపు మీరు వెళ్లిపోవలసినవారు!"

జెట్టి మీసం దువ్వాడు. "కనుమలో మావాళ్లు మీ మీద బాణాలు వేశారటగా తమ్ముడూ. కాంచనదేశంలో అందరూ అలాంటివాళ్లే అని నువ్వు మీ ఊళ్లో చెప్పకుండా ఉంటే చాలు. పద్నాలుగు రోజులు నాకొక లెక్కా?"

మర్నాడు ఉదయం శంఖం మోగింది. "గోళ్లు చూపించండీ!" గుండన చేతులు చాచి, వెంటనే వెనక్కు లాక్కున్నాడు.

పది గోళ్లూ నీలంగా ఉన్నాయి.

కాచన వంగి ఆ గోళ్లనే చూశాడు. ఏ నదిలోనో, ఏ ఊళ్లోనో పట్టిన జ్వరం! తనను ఆపకుండా వదిలి ఉంటే ఈ గుండనను వెంటబెట్టుకునే ప్రాసాదం మెట్లెక్కేవాడు. మందు కాచే చేతుల మధ్యకు వెళ్లేవాడు. అతడు గీత దగ్గరికి వెళ్లి, అవతల నిలబడ్డ కుందమకు సాష్టాంగపడ్డాడు.

"లే నాయనా. నీకు దణ్ణం పెట్టాలని మా రాణిగారే వస్తున్నారు" అంది కుందమ.

తరళాదేవి పల్లకీ ఎక్కలేదు, తెడ్డు తానే వేసుకుంటూ చిన్న పడవలో వచ్చింది. నేసినవాళ్లు ఎవరో గాని, ఆమె కట్టిన తెల్లచీర అంచున వెన్నెలతీగ ఆకులు నిజంగా గాలికి కదులుతున్నట్టే ఉన్నాయి. చేతులకు కంకణాల బదులు ఆకుపసరు మరకలు. గీతకు అవతల నిలబడి కాచన కళ్లలోకి చూసింది.

"నూటయాభై ఏళ్లలో ఈ గీత కోసం ఇంత నెత్తురు కార్చినవాడు మా ద్వీపంలోనే పుట్టలేదు. నువ్వు నిజంగా హేలాపురి వాడివే" అంది. తెడ్డు మీద పచ్చని కషాయపు గిన్నె పెట్టి స్వయంగా లోపలికి చాచింది. "ముందు నీ నేస్తానికి తాగించు. తరువాత చెప్పు, ఏం కావాలి నీకు?"

"మహారాణీ, నా కోసం ఆగకండి. మందు మీ ఓడలో ఈ వారమే పంపండి. ఉంగరం వేడినీళ్లలో కాచి మీ నావికుడికివ్వండి. దారి నేను చెబుతాను. ఏ కనుమలో ఎవరు బాణాలు వేస్తారో, ఏ రేవులో ఎవరు జాలిగుండెవాళ్లో, అన్నీ నాకు కంఠతా వచ్చు."

"ఇంతదూరం వచ్చి, కీర్తి మరొకరికి వదిలేస్తావా?"

"చేరవలసింది మందు తల్లీ, నేను కాదు" అన్నాడు కాచన. తలపాగా లేని తల నిటారుగా ఉంది. "మా వార్తాహరుల్లో మాట చేరితే మనిషి చేరినట్టే."

మూడు పగళ్లు గుండన ఒళ్లు పెనంలా కాలింది. కాచన తడిగుడ్డ మార్చుతూనే ఉన్నాడు. నాలుగో ఉదయం గుండన కళ్లు తెరిచి, "ఆ కషాయంలోకి నంచుకోవడానికి ఏమీ పెట్టరేమిట్రా?" అన్నాడు. జెట్టి అతణ్ణి ఎత్తి ముంగిలంతా తిప్పాడు. పూసలవ్వ ఏడుస్తూ నవ్వింది.

అయిదో ఉదయం మందుల ఓడ కదిలింది. వెయ్యి కుండల వెన్నెలకషాయం, ముందు స్తంభాన హేలాపురి ఎర్రపతాక. ద్వీపమంతా రేవులో నిలబడి చప్పట్లు చరిచింది. గొలుసు దిగింది, ఓడ ముఖద్వారం దాటింది. కాచన గోడెక్కి, రొమ్ము ఉప్పొంగుతుండగా దాన్నే చూస్తున్నాడు.

అప్పుడు నేలమాళిగలోంచి నవ్వు వినబడింది. "వచ్చాయి! నా ఓడలు వచ్చాయి!"

దక్షిణాన, నీటికీ నింగికీ నడుమ, మూడు నల్లతెరచాపలు లేచాయి. వాటి ముక్కులు సూటిగా మందుల ఓడ వైపే ఉన్నాయి. ద్వీపసేన రేవుకు ఆవలి ఒడ్డున ఉంది, అది పడవలెక్కి వచ్చేసరికి అంతా అయిపోతుంది. ఆ ముఖద్వారాన్ని అందుకోగల రాళ్లు రువ్వే యంత్రాలు నాలుగూ ఎడకోట పడమటి బురుజులోనే ఉన్నాయి, గీతకు లోపల!

కుందమ క్షణమైనా తటపటాయించలేదు. భోజనాలు వచ్చే తెడ్డు మీద ఇనుప తాళంచెవి పెట్టి లోపలికి చాచింది. "మా భటులెవరూ గీత దాటి లోపలికి రాలేరు. మీరు బయటికి పోలేరు. ఈ పూట ఈ కోటకు మీ ఆరుగురే సైన్యం. కాచన దండనాయకుడు!"

"చిత్తం!" అన్నాడు జెట్టి, అందరికన్నా ముందు.

బురుజు తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఏళ్ల దుమ్ము దులుపుకుని యంత్రాలు లేచాయి. బొమ్మలవాడు తాళ్లు ముడివేశాడు. బొమ్మల్ని ఆడించిన వేళ్లకు ఆ ముడులు ఒక లెక్క కాదు. అతడి భార్య గురి చెప్పింది. అవ్వ చక్రానికి నూనె పోసింది. మంచం మీదినుంచి లేవవద్దంటే వినకుండా గుండన వచ్చి, మోకుకు తన బరువంతా వేసి వేలాడాడు.

"వదలండి!"

ఏనుగుపిల్లంత బండ గాలిని చీల్చుకుంటూ పోయి, మొదటి నల్లఓడ స్తంభాన్ని చెరుకుగడలా విరిచింది. రేవులోంచి జయధ్వానం ఆకాశాన్నంటింది. రెండో ఓడ తత్తరపడి పక్కకు ఒరిగింది. ఆ సందులోంచి మందుల ఓడ ఎర్రపతాక ఎగరేసుకుంటూ దూసుకుపోయింది.

మూడోది మాత్రం దాని వెంట పడలేదు. అన్నిటికన్నా పెద్దదైన ఆ ఓడ చుక్కాని తిప్పి, నిచ్చెనలు పైకెత్తి, వందలాది కత్తులు మెరుస్తుండగా, తన యజమానిని విడిపించుకోవడానికి నేరుగా ఎడకోట మీదికే వస్తోంది. యంత్రాలు గురిపెట్టలేనంత దగ్గరికి వచ్చేసింది. మొదటి నిచ్చెన బురుజు అంచుకు టక్కున తగిలింది.

కాచన కుందమ విసిరిన కత్తిని గాలిలోనే అందుకున్నాడు. ఒకసారి వెనక్కు చూశాడు. ఒక జెట్టి, ఇద్దరు బొమ్మలాటవాళ్లు, ఒక ముసలవ్వ, జ్వరం తగ్గీ తగ్గని గుండన. ఏ రాజుకూ ఇంతకన్నా మంచి సైన్యం ఉండి ఉండదనిపించింది అతడికి.

"రండి!" అని నవ్వి, నిచ్చెన మీదినుంచి గీత లోపలికి దిగిన మొదటి నల్లశిరస్త్రాణం మీదికి దూకాడు.